కుసుమ పూల దిండు

మొన్న వేలూరులో, కోట ఎదురుగా రోడ్డు వారన గోనెపట్టా పరుచుకుని సాంబ్రాణి, వట్టివేరు, కరక్కాయలు అమ్ముకునే నడివయసు మనిషి ఒకడు, నేను అడగకుండానే చిన్న కాగితం పొట్లం విప్పి నా ముక్కు కిందికి తెచ్చాడు. "కాశ్మీరం కుంకుమపువ్వు పాటీ, అసలుది" అన్నాడు, పాటీ అంటే అరవంలో అవ్వ. ఎండుగడ్డి మీద తేనె చిలకరించి ఎప్పుడో మరిచిపోయినట్టుండే ఆ వాసన తగలగానే అది కాశ్మీరం పేరు కూడా విన్నది కాదని నాకు తెలిసిపోయింది. అది కుసుమపువ్వు. ముళ్ల చెట్టుకు పూసే పువ్వు రేకులు. మామూలు రోజైతే ఆ మాట అక్కడే నలుగురూ వినేటట్టు అని, వాడి చేత చెంపలు వేయించి, పొట్లంతో పాటు గుప్పెడు సాంబ్రాణి కొసరు కింద తెచ్చుకునేదాన్ని. బెండకాయ తోక విరిచి చూడకుండా కొనని దాన్ని, జట్కావాడితో బేరం తెగక నడిచి ఇల్లు చేరిన దాన్ని నేను. అలాంటి నేను, వాడు చెప్పిన ధర చెప్పినట్టే చేతిలో పెట్టి వచ్చేశాను. ఇంట్లో చెబితే కోడలు నా నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమో అని.

నేను పుట్టి పెరిగింది గుడియాతం బజారు వీధిలో. మా తాత మగ్గం మీద కూర్చున్న మనిషి. మా నాయన మగ్గం దిగి తక్కెడ పట్టిన మనిషి. ఇంటి ముందు గది నూలు, రంగుల అంగడి. వెనక గదుల్లో మేము. తెల్లవారితే వీధి పొడుగునా పడుగులు సాగదీసి గంజి పట్టించేవాళ్ల కేకలు, పులిసిన గంజి వాసన, పడుగు తెగుతుందని వీధిలో పిల్లలు పరుగెత్తరాదనే కట్టడి. కాలు నిలవని పిల్లకు అంతకంటే చెర మరొకటి ఉంటుందా? అరుగు మీద కూర్చుని గచ్చకాయలు ఆడమనేది అమ్మ. ఆడేదాన్ని, గచ్చకాయ ఒకటి కావాలనే వీధిలోకి దొర్లించి దాని వెంట పరుగెత్తడానికి. అంగట్లో బల్లల మీద రేకు డబ్బాలు వరసగా ఉండేవి, జర్మనీ సీమ నుంచి వచ్చే రంగుపొడి డబ్బాలు, మూతల మీద సింహం బొమ్మ, దొరసాని బొమ్మ. మూత తీస్తే మినపగింజంత పొడి చాలు, కుండెడు నీళ్లు ఎర్రబడిపోయేవి. వాటి దగ్గరికి నన్ను రానిచ్చేవాడు కాదు నాయన. ఒకసారి తుమ్మినందుకు నా ముఖమూ పిల్లి ముఖమూ ఊదారంగైపోయి, వారం దాకా ఇద్దరమూ బజారుకు వేడుకగా ఉన్నాం.

నాయన నాకు అక్షరాల కంటే ముందు నేర్పింది బేరం. ఆయనకు అందులో రెండు ఆజ్ఞలుండేవి. నీకు ఏది కావాలో ఎదుటివాడికి తెలియనీయకు, అది మొదటిది. వడిలిన సరుకు ముట్టుకోకు, అది రెండోది. తమలపాకు దగ్గర నుంచి తవుడు దాకా ఆయన కొన్న ప్రతిదీ ఈ రెండు జల్లెళ్లలో నుంచే దిగేది. నేను వాటిని వేదంలాగా పట్టుకున్నాను. యుద్ధం వచ్చిన ఏడాది ఆ రెండూ కలిసి మా అవ్వ నేలను దాదాపు మింగేశాయి.

అవ్వ అంటే నాయన తల్లి. ఆమెకు తిరువలం దగ్గర, ఏటి గట్టుకు కొంచెం ఎడంగా, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన నల్లనేల ఒక చెక్క ఉండేది. దాన్ని మునెమ్మ అనే ఆవిడ, ఆమె మొగుడు పంటలో పాలుకు చేసేవాళ్లు. నాకు ఆ నేల అంటే ప్రాణం, ఎందుకంటే అక్కడ పడుగులు లేవు. ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు దాకా పరుగెత్తితే ఆపే మనిషి లేడు. రైలెక్కి కాట్పాడి మీదుగా తిరువలం పోయే రోజు ముందు నాకు అన్నం దిగేది కాదు. స్టేషనులో దిగగానే అవ్వ నా జడ పట్టుకునేది. గట్టు చేరాక వదిలేది.

జర్మనీ యుద్ధం వచ్చింది. యుద్ధమంటే మాకు తెలిసిందల్లా డబ్బాలు రాకపోవడం. సింహాలూ దొరసానులూ ఒక్కొక్కరే బల్ల దిగి వెళ్లిపోయారు. మగ్గాలవాళ్లు వచ్చి, ఖాళీ బల్ల వైపు చూసి, "ఇంకా రాలేదా అప్పా?" అని అడిగి, కాసేపు నిలబడి, తెల్లనూలు కూడా కొనకుండా తిరిగిపోయేవాళ్లు. నాయన గడప దగ్గరి నుంచి పెరటి దాకా, పెరటి నుంచి గడప దాకా తిరిగేవాడు. నా కాళ్ల తిమ్మిరి యాడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది అమ్మకు. ఆ తిరుగుడులోనే ఆయనకు తిరువలం నేల గుర్తొచ్చింది. కొనేదానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఆ సొమ్ముతో అంగడిని బియ్యం మండీ చేసేద్దామని ఆయన ఆలోచన.

అవ్వ వక్క కత్తిరిస్తూ విన్నది. కత్తెర ఆపలేదు.

"రంగు డబ్బాలోనే పుట్టిందనుకుంటివా నాయనా? డబ్బా రాకముందు మీ నాయన ఎర్రంచు యాడ నుంచి తెచ్చి నేసినాడు?"

"ఆ కాలం యాడిది, ఈ కాలం యాడిదమ్మా?"

"ఒక్క పైరు ఎత్తనీ. కుసుమ ఏస్తాను. పువ్వులో ఎరుపు దిగితే నేల జోలికి రావద్దు. దిగకపోతే నేనే వచ్చి యేలిముద్ర ఏస్తా. సరియా?"

నాయన సరేనన్నాడు. బేరంలో ఓడిపోయేది తనెలా అవుతాడని ఆయన నమ్మకం. నన్ను మాత్రం పక్కకు పిలిచి, "మునెమ్మకు ఈ అమ్మకం సంగతి పొక్కనీయొద్దు, పాలోళ్లకు తెలిస్తే పైరు మీద మనసు పెట్టరు" అన్నాడు. మొదటి ఆజ్ఞ.

మదనపల్లె తట్టు నుంచి వచ్చే బండ్లవాళ్ల దగ్గర విత్తనాలు దొరికాయి, చిన్న శంఖాల్లాగా తెల్లగా నున్నగా. దీపావళి నెల ఐప్పసి వానలు వెనకబట్టి, నల్లనేల కాలికి అంటుకోకుండా ఉన్నా లోపల చల్లగా ఉన్న రోజు చూసి గొర్రుతో విత్తారు. ఆ పైన ఇక వాన అక్కర్లేదంది అవ్వ, మంచు చాలు. నాకు ఓపిక చాలలేదు. మొలిచిందా, రెండాకులు వేసిందా, మోకాలెత్తు వచ్చిందా అని గుడియాతంలో కూర్చుని అందరినీ పీక్కుతినేదాన్ని. లేతగా ఉన్నప్పుడు ఒత్తుగా మొలిచిన మొక్కలు పీకి మునెమ్మ పప్పులో వేసి వండేది; రాగిసంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఆ కుసుమాకు పప్పు పోసి, పైన చుక్క గానుగనూనె వేసి పెడితే, చేనుగట్టు మీద చలికి వణుకుతూ తిన్న ఆ రుచి ఇప్పటికీ నాలుక వెతుక్కుంటూనే ఉంటుంది. ఆకు ముదిరి అంచులకు ముళ్లు వచ్చాక ఇక పశువు కూడా మూతి పెట్టదు. పేనుబంక పట్టిన మొక్కల మీద మునెమ్మ పొద్దున్నే పొయ్యిలో బూడిద చల్లేది. పొంగలి పండుగ వెళ్లాక, మొగ్గలు చిన్న ముళ్ల ఉండల్లాగా బిగిసి, ఒక పొద్దున చూస్తే కొనల్లో పసుపుపచ్చ కుచ్చులు విచ్చుకున్నాయి. చేనంతా అంగట్లో పట్టుకుచ్చులు తలకిందులుగా దోపినట్టుంది. తేనెటీగల రొద వింటూ నాకు నిలబడబుద్ధి కాక, కూర్చోబుద్ధి కాక, గట్టు చుట్టూ తిరిగాను.

కోతకు సరిగ్గా అప్పుడే అవ్వకు చలిజ్వరం తగులుకుంది. కంబళి కింద పళ్లు కొట్టుకుంటూ, "పొద్దు పొడవకముందే కొయ్యండి, మంచు మీద ముల్లు మెత్తంగా ఉంటాది" అని మాత్రం చెప్పగలిగింది. మిగతాది అడగాలని మాకు తోచలేదు. పువ్వు కోయడానికి కూడా చెప్పించుకోవాలా?

చేతులకు పాతగుడ్డలు చుట్టుకుని నాయన, నేను, మునెమ్మ, ఆమె మొగుడు సాలుకొకరం దిగాము. సరుకు నష్టం కాకుండా నాయన తానే దగ్గరుండి చూసుకున్నాడు. చేనులో కొన్ని పువ్వులు కొత్త బంగారంలా మెరుస్తున్నాయి, కొన్ని వడిలి, ముడుచుకుని, తుప్పు రంగుకు తిరిగాయి. నాయన ఒక వడిలిన కుచ్చు పీకి, వేళ్ల మధ్య నలిపి, అంగట్లో పుచ్చు వంకాయను చూసినట్టు చూశాడు. "ఇది సరుకా? పారెయ్. బుట్టలో కలిసిందంటే మంచిది కూడా చెడిపోతాది." రెండో ఆజ్ఞ. నేను ఆయన కంటే భక్తిగా పాటించాను; మునెమ్మ బుట్టలో కూడా వేలుపెట్టి తుప్పురంగువి ఏరి గట్టు మీదికి విసిరాను. "యాపారం పిల్ల గదా!" అని మునెమ్మ మెచ్చుకుంది. మా నాయన మెడ కొంచెం పొడుగైంది. విడతలు విడతలుగా పూసిన పువ్వంతా అట్లాగే కోసి, నీడలో ఆరబెట్టి, మూటలు కట్టి గుడియాతం చేర్చాము.

అవ్వ కర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చి కూర్చుంది. చూపు మందగించింది, అన్నీ చేతితోనూ ముక్కుతోనూ చూసేది. వెదురుగంపలో గుడ్డ పరిచి పువ్వు పోసి, నీళ్లు పోస్తూ నన్ను తొక్కమంది. నన్ను కాళ్లాడించమన్న మొదటి మనిషి ఆమే. తొక్కాను. పసుపు నీళ్లు దిగాయి, పెరడంతా పారాయి, తులసికోట చుట్టూ తిరిగి వీధిలోకి పోయాయి. "పోనీ, పోనీ, ఈ పసుపు మనకొద్దు, ఇది పోతేనే లోపలి ఎరుపు కదిలేది" అంటోంది అవ్వ. నాకు పసుపు ఎంత పోతే అంత సంబరం. దిగే నీళ్లు తెల్లబడే దాకా తొక్కాక, ఉత్తరేణి మొక్కలు కాల్చిన బూడిద కలిపి పిసికి, నీళ్లు దించి, ఆ నీళ్లలో నిమ్మకాయ పిండింది. చిలప అనే తెల్లనూలు చుట్ట ముంచి పైకి ఎత్తింది.

తమలపాకు వేసుకున్న నోటితో ఊసిన రెండో ఉమ్ములో ఉన్నంత ఎరుపు కూడా లేదు. వెలిసిన గులాబీ నీళ్లు. నాయన చిలప వైపు చూసి, లోపలికి పోయి, చొక్కా తగిలించుకున్నాడు, నేల కొనే మనిషికి కబురు చేయడానికి.

అవ్వ గంపలో పిప్పి వేళ్లతో నలిపింది. మళ్లీ నలిపింది. "అంతా లేతదే ఉండాదే! ముడిగిన పువ్వు యాడ?"

"ముడిగిందా?" అన్నాను.

"కుచ్చు వాడి, ముడుచుకుని, ఎర్రమన్ను రంగుకు తిరిగింటాదే. ఎరుపు ఉండేది దాంట్లోనే గదే! యాడ పెట్టినారు దాన్ని?"

నాయన చొక్కాకు ఒక గుండీ పెట్టి ఆగిపోయాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. బజారులో అందరికంటే నిదానించి సరుకు ఎంచే ఇద్దరం కలిసి, చేనులో ఉన్న ఎరుపంతా ఏరి ఏరి గట్టు మీద పారబోసి, పసుపు నీళ్లు మూటలు కట్టి రైలులో తెచ్చుకున్నాము.

మరుసటి రైలుకే తిరువలం. గట్టు మీద ఒక్క రేకు లేదు. గాలికి పోయిందనుకుని నాయన కూలబడ్డాడు. నేను మాత్రం నిలవలేక మునెమ్మ గుడిసె దాకా పరుగెత్తి తొంగిచూశాను. ఆమె చంటిబిడ్డ తల కింద కొత్త దిండు, బండి చక్రమంత. కుట్టు ఊడిన మూల నుంచి తుప్పురంగు రేకులు బయటికి వస్తున్నాయి. మేము పారేసింది పారేసినట్టే ఏరుకుని, ఇంటి నీడలో ఎండబెట్టి, పాతచీరలో కూరి కుట్టేసింది ఆమె.

తిరిగి వచ్చి చెబితే నాయన కళ్లలో వెలుగు వచ్చింది, వెంటనే జాగ్రత్త కూడా వచ్చింది. "నేను పోతే గిరాకీ తెలిసిపోతాది. నువ్వు పో. ఊరికే అడిగినట్టు అడుగు." ఆయన గట్టు మీద మట్టి పరీక్ష చేస్తున్నట్టు వంగి కూర్చున్నాడు.

"మునెమ్మక్కా, ఈ దిండు భలే మెత్తంగా ఉండాదే!" అన్నాను.

"ఏంటికి పాపా, పండుకుంటావా?"

"నాకేంటికి? మా అవ్వకు జొరం. తల నొస్తాందంట. ఇట్లాంటిదుంటే బాగుంటాదని..."

"దిండు కోసరం గుడియాతం నుంచి రైలెక్కి వచ్చినారా, తండ్రీ బిడ్డా? ఆ ఊర్లో దూదికి కరువొచ్చినట్టుండాది."

"దూది దిండు ఇస్తా, బదులుకి."

"దూది వేడి. బిడ్డకు చెమట పొక్కులొస్తాయి." దిండు మీద ఆప్యాయంగా తట్టింది. "ఇదైతే సల్లంగా ఉండాది. సరే, నువ్వు అడిగినావు గాబట్టి ఇస్తా. నాకొక సీర ఇప్పించు."

"పారేసిన పువ్వుకు సీరా?"

"పారేసింది మీరు. ఏరుకునింది నేను. కుట్టింది నేను."

"తలరుమాలు ఇప్పిస్తా."

"రుమాలు నా మొగుడికి. నాకేమి?"

అప్పుడు నేను నాయన దగ్గర నేర్చుకున్న ఆఖరి అస్త్రం తీశాను. "వద్దులే అక్కా" అని లేచి, గడప దాటాను. వెనక నుంచి పిలుపు రావాలి, ఎప్పుడూ వస్తుంది, గుడియాతంలో ఎవరూ గడప దాటనివ్వరు. ఎండలో నిలబడ్డాను. చెప్పు సరిచేసుకున్నాను. జడ ముందుకు వేసుకుని వెనక్కి వేసుకున్నాను. పిలుపు రాలేదు. తొంగిచూస్తే మునెమ్మ బిడ్డ తలను దిండు మీద ఇంకొంచెం సర్దుతోంది, జోల కూడా మొదలుపెట్టింది. మళ్లీ లోపలికి వెళ్లాను, తల వంచుకుని.

"రైక గుడ్డ" అన్నాను.

"ఎర్రది" అంది మునెమ్మ. "వైకాసిలో గంగమ్మ సిరసు చూసేదానికి గుడియాతం వస్తా గదా. ఎర్రది ఏసుకుని రావాల." ఎండల్లో వచ్చే ఆ పండుగకు మా ఊళ్లో అమ్మవారి సిరసును, అంటే తలను, ఊరేగిస్తారు.

దిండు నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి వచ్చేసరికి నాయన మట్టి వేళ్లతో, ఏడుపు మొహంతో నవ్వుతున్నాడు.

ఈసారి తొక్కింది నేనూ నాయనా ఇద్దరం. పసుపు తక్కువే పోయింది. బూడిద నీళ్లు దిగినప్పుడు గంప అడుగున చిక్కగా ఏదో కదిలింది. నిమ్మరసం పడగానే, గుడిలో హారతికి గర్భగుడి లోపల ఒక్కసారి వెలిగినట్టు, ఆ కుండలో ఎరుపు పుట్టింది. చిలప ఎత్తితే పిల్లి, నేను, నాయన ముగ్గురమూ వెనక్కి జరిగాము. అవ్వ కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఉండాది" అంది. అంతే అంది. నాయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

ఆ ఎరుపులోనే ముంచిన రైక గుడ్డ ఇవ్వడానికి అవ్వే నాతో తిరువలం వచ్చింది. మాటల్లో మాటగా నేల నిలబడిన సంగతి చెప్పింది. మునెమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నేల అమ్మేస్తారని నాకు ఎవురు సెప్పినారమ్మా? సెప్పింటే దిండేంటికి, ఇంటి కప్పు పీకి ఇచ్చిండేదాన్ని గదా! నేను యాడ బతికేది ఈ నేల లేకుంటే? ఈ పిల్ల సూడు, అవ్వకు తలనొప్పంట, మెత్తంగా ఉండాదంట! గడప దాటి పోయి ఎండలో నిలబడె!" అని నన్ను అనుకరించి చూపించింది, చెప్పు సరిచేసుకోవడంతో సహా. ఊరికే వచ్చేదాన్ని కొనుక్కున్న దాన్ని ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే.

మరుసటి ఏడు కుసుమ మళ్లీ వేస్తుందనుకున్నాను. అవ్వ వేరుశనగ వేయించింది. "యుద్ధం అయిపోతే డబ్బాలు రాకుండా ఉంటాయా? దానికి ఇది ఆగదే పాపా, ఈ ఎరుపు కుదురు లేంది, నీ మాదిరి. నేను నేలను నిలుపుకునేదానికి ఏసినా, రంగుకు కాదు" అంది. డబ్బాలు వచ్చాయి కూడా, సింహమూ దొరసానీ ఎప్పటిలాగా బల్ల ఎక్కారు. మునెమ్మ రైక మాత్రం ఏటేటా గంగమ్మ పండుగకు మా అంగటి మెట్టెక్కేది. "పాపా, నీ బేరం సూడు, ఎట్ల ఎలిసిపోతాందో" అని భుజం చూపించేది. మొదట ఎరుపు, తరువాత గులాబీ, తరువాత తామరపువ్వు లోపలి రంగు. నాకు పెళ్లయి వేలూరు వచ్చేసే ముందు చూసినప్పుడు అది తెల్లగా ఉంది. తెల్లదేసుకుని వచ్చినావేమక్కా అంటే, "తెల్లదా? ఇది ఎర్రదే. నాకు తెలీదా?" అని కోప్పడింది.

అవ్వ ఉన్నన్నాళ్లూ ఆ నేల ఆమెదే. ఆ తరువాత ఏరు ఒక వానలో గట్టు కోసుకుని దాన్ని సగం తీసుకుంది, మిగిలిన సగం ఇప్పుడు ఇసుక. మునెమ్మ గుడిసె ఉన్న చోటు నాకే తెలియదు. కుసుమ చేను ఈ చుట్టుపక్కల ఎవరూ చూడలేదంటారు.

మొన్నటి పొట్లం తెచ్చి గిన్నెలో నానబెట్టాను. పసుపు దిగింది. దిగుతూనే ఉంది. గుడ్డలో వేసి వేళ్లతో పిసికి, దిగే నీళ్లు తెల్లబడ్డాక, బూడిద కోసం వంటింట్లోకి పోతే బూడిద లేదు. కిరసనాయిలు స్టవ్వు వచ్చాక ఈ ఇంట్లో పొయ్యే లేదు, బూడిద యాడిది? ఉత్తరేణి అంటే ఏమిటని కోడలు అడిగింది. సందు చివర టీకొట్టువాడి దగ్గరికి పోయి గుప్పెడు బూడిద అడిగితే, "బూడిద ఏంటికి పాటీ?" అన్నాడు. గిన్నెలు తోమేదానికి అని నోటి దాకా వచ్చింది. ఆపుకుని, వాడి బల్ల మీద కూర్చుని, ఏంటికో మొత్తం చెప్పాను. మునెమ్మ సంగతి దగ్గర వాడు నవ్వి, బూడిద పొట్లం కట్టి ఊరికే ఇచ్చాడు.

బూడిద కలిపి దించిన నీళ్లలో నిమ్మచెక్క పిండి, పాత పంచె చింపిన పేలిక ముంచాను. దాన్ని నీడలో, గూట్లో మేకుకు తగిలించాను. ఎండ తగిలితే ఆగదు. ఇది రాస్తున్నంతసేపూ కుర్చీలో కుదురుగా కూర్చోలేక, మాటిమాటికీ లేచి పోయి చూసి వస్తున్నాను.

ఉండాది.